ఎంఆర్ఐ స్కాన్ ఎక్కడ త్వరగా అవుతుంది, ఎక్కడ అవదు: కంప్రెస్డ్ సెన్సింగ్ లెక్క

గుంటూరు కొత్తపేటలో, విజయవాడ సూర్యారావుపేటలో ఎంఆర్ఐ సెంటర్ల ముందు కూర్చునేవారిలో చాలామంది ఆ ఊరివాళ్లు కారు. మాచర్ల, పిడుగురాళ్ల, రేపల్లె, నూజివీడు, గుడివాడ నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చినవాళ్లు. రోగి వెంట ఒకరో ఇద్దరో తోడు ఉంటారు. ఒక్కో స్కాన్ పది నిమిషాలు ఆలస్యమైతే చివరి నంబర్లవాళ్లకు సాయంత్రం బండి తప్పుతుంది. అందుకే కొత్త మిషన్ కొనేటప్పుడు గానీ, పాతదానికి సాఫ్ట్‌వేర్ వేయించేటప్పుడు గానీ "కంప్రెస్డ్ సెన్సింగ్ ఉందా? ఎన్ని రెట్లు?" అనే ప్రశ్న ముందు వస్తుంది. కంప్రెస్డ్ సెన్సింగ్ అంటే కొలతలు కొన్నే తీసి, మిగతాది లెక్కతో పూరించి స్కాన్‌ను త్వరగా ముగించే పద్ధతి. వేగం నిజంగానే వస్తుంది. అది ఏ సీక్వెన్స్‌లో (ఒక రకం బొమ్మ కోసం మిషన్ చేసే ఒక విడత కొలతలో) వస్తుంది, దానికి బదులుగా ఏం పోతుంది అన్నది తెలియకుండా రెట్ల అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం.

ఆలస్యం ఎక్కడ పుడుతుంది

సీటీ కొద్ది సెకన్లలో ఛాతీ మొత్తం చూసేస్తుంది. ఎంఆర్ఐకి అరగంట పట్టడానికి కారణం కంప్యూటర్ నెమ్మది కాదు, కొలిచే పద్ధతి. ఈ మిషన్ బొమ్మలోని చుక్కలను నేరుగా కొలవదు. బొమ్మలో ఏ దిశలో, ఎంత సన్నటి అల ఎంత మోతాదులో ఉందో కొలుస్తుంది. ఆ కొలతలన్నీ చేరే పట్టికే కె-స్పేస్. దాని నడిమి భాగంలో వెడల్పాటి అలలుంటాయి, బొమ్మలోని వెలుగు నీడల తేడా అంతా వాటిదే. అంచుల్లో సన్నటి అలలు ఉంటాయి, గీతల పదును వాటిది. పట్టిక నిండాక, అలలను బొమ్మగా మార్చే ఫూరియర్ లెక్క చేస్తే బొమ్మ వస్తుంది.

పట్టిక ఒక్కో గీత చొప్పున నిండుతుంది. గీత వెంబడి ఉండే చుక్కలు, అంటే రీడౌట్ దిశలోవి, కొద్ది మిల్లీసెకన్లలో వరసగా వచ్చేస్తాయి. వాటిని వదిలేసినా సమయం ఏమీ మిగలదు. ఖర్చంతా ఒక గీత నుంచి ఇంకో గీతకు వెళ్లడంలోనే. ప్రతి గీతకూ ఒక టీఆర్, అంటే ఒక రేడియో పల్స్ నుంచి మరో పల్స్‌కు ఉండే వ్యవధి, వేచి ఉండాలి. కాబట్టి స్కాన్ సమయం అంటే టీఆర్‌ను ఫేజ్ గీతల (ఇలా ఒక్కొక్కటిగా తీసే గీతల) సంఖ్యతో, 3డి అయితే పార్టిషన్ల (మందం దిశలోని సన్న పొరల) సంఖ్యతో, సగటు కోసం ఎన్నిసార్లు తీస్తామో దానితో గుణించడమే. టర్బో స్పిన్ ఎకో అనే వేగవంతమైన సీక్వెన్స్‌లో ఒక్క టీఆర్‌లో పది పదిహేను గీతలు వస్తాయి గనుక ఆ అంకెతో భాగించాలి.

మెదడు రక్తనాళాల టైమ్ ఆఫ్ ఫ్లైట్ యాంజియో తీసుకుందాం. టీఆర్ 22 మిల్లీసెకన్లు, ఫేజ్ గీతలు 256, మూడు స్లాబ్‌లు (మందపాటి పలకలు), స్లాబ్‌కు 40 పార్టిషన్లు. గుణిస్తే 675.8 సెకన్లు, అంటే 11 నిమిషాల 16 సెకన్లు. పక్షవాతం వచ్చి తల నిలపలేని మనిషిని అంతసేపు కదలకుండా ఉంచడం కష్టం. ఒక పరీక్షలో ఇది ఒక్క సీక్వెన్స్ మాత్రమే.

గీతలు తగ్గించడమే దారి. కాకపోతే ఎలా తగ్గించాలన్నది అసలు విషయం.

ప్రతి నాలుగో టిక్కీ

మిర్చి యార్డుకు వంద టిక్కీల (బస్తాల) లాట్ వచ్చింది. వరసగా ప్రతి నాలుగో టిక్కీనే విప్పి చూశారనుకుందాం. లోడు ఎత్తినప్పుడు తాలు కాయ కూడా సరిగ్గా నాలుగు టిక్కీలకు ఒకటి చొప్పున పడి ఉంటే, వరస కలిసిందా లాటంతా తాలే అనిపిస్తుంది, తప్పిందా తాలు అసలు లేదనిపిస్తుంది. రెండూ తప్పే, పైగా రెండూ నమ్మబుద్ధయ్యే తప్పులు. అదే 25 టిక్కీలను ఎక్కడపడితే అక్కడ ఎంచుకుని విప్పితే లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది గానీ, లేని వరస మాత్రం కనిపించదు.

కె-స్పేస్‌లోనూ అంతే. గీత విడిచి గీత తీస్తే కొలిచే వైశాల్యం సగమైపోయి, బొమ్మ తన మీదే మడత పడుతుంది. చెవి వెళ్లి మెదడు మధ్యలో కూర్చుంటుంది. ఆ చెవి నిజమైన చెవిలాగే పదునుగా ఉంటుంది గనుక దాన్ని తీసేయడానికి బొమ్మలో ఏ ఆధారమూ మిగలదు. క్రమం లేకుండా గీతలు వదిలితే, మడత పడాల్సిన సిగ్నల్ ముక్కలై బొమ్మంతా ఇసుక చల్లినట్టు పరుచుకుంటుంది. కంటికి నాయిస్‌లా ఉంటుంది. కంప్రెస్డ్ సెన్సింగ్‌కు కావలసినది సరిగ్గా ఈ ఇసుకే. ఎందుకంటే ఇసుకను బొమ్మ నుంచి వేరు చేయవచ్చు.

అలాగని పూర్తిగా చీటీలు వేసినట్టు ఎంచుకోరు. నడిమి భాగంలోనే బొమ్మ బలమంతా ఉంది. అక్కడ గీతలు పోతే ఏ లెక్కా తిరిగి తేలేదు. అందుకని కేంద్రాన్ని పూర్తిగా తీసి, అంచులకు పోయేకొద్దీ పలచన చేస్తారు. పలచన చేసేచోట కూడా రెండు కొలతలు పక్కపక్కనే పడకుండా, పెద్ద ఖాళీలు మిగలకుండా కనీస దూరం పాటిస్తారు.

ఇక్కడే 2డి, 3డిల దారి వేరవుతుంది. 2డిలో వదలడానికి ఒకే దిశ ఉంటుంది. 3డిలో రెండు ఫేజ్ దిశలు ఉంటాయి గనుక గీతలను విశాలమైన మైదానంలో చెదరగొట్టవచ్చు, ఇసుక ఇంకా సన్నగా పరుచుకుంటుంది. 2డి సీక్వెన్స్‌లో రెండు రెట్లు దాటితే ఇబ్బంది మొదలైనా, 3డిలో నాలుగు నుంచి ఆరు రెట్లు నిలబడటానికి కారణం ఇదే. గుండె సినిమాలో (కొట్టుకునే గుండెను వరస బొమ్మలుగా తీసే పరీక్షలో) కాలం కూడా ఒక దిశగా కలుస్తుంది గనుక అక్కడ ఇంకా ఎక్కువ లాగవచ్చు.

మంగళగిరి చీర, పెడన కలంకారీ

ఇసుకను వేరు చేయాలంటే అసలు బొమ్మ ఎలా ఉంటుందో కొంతైనా ముందే తెలియాలి. మంగళగిరి చీరను ఫోన్‌లో వర్ణించడం తేలిక: ఒంటి రంగు ఫలానా, జరీ అంచు ఫలానా వెడల్పు. నాలుగు మాటల్లో చీర మొత్తం వచ్చేసింది. పెడన కలంకారీ అలా కుదరదు, జానెడు జాగాలోనే ఎన్నో పువ్వులు, తీగలు. మొదటి రకం బొమ్మను గణితంలో స్పార్స్ అంటారు: చుక్కలు లక్షల్లో ఉన్నా, చెప్పాల్సిన సంగతి కొద్దిగానే ఉంటుంది.

రక్తనాళాల యాంజియో ఉన్నపళంగానే స్పార్స్: నల్లటి నేపథ్యంలో కొన్ని తెల్లటి నాళాలు. పిత్తనాళాలు చూసే ఎంఆర్‌సీపీ కూడా అంతే. మెదడు, మోకాలు బొమ్మలు నేరుగా అలా ఉండవు గానీ, వేవ్‌లెట్ రూపంలోకి (బొమ్మను రకరకాల సైజుల చిట్టి అలల మొత్తంగా రాసే తీరులోకి) మారిస్తే కొద్ది అంకెలే పెద్దవిగా, మిగతావన్నీ సున్నాకు దగ్గరగా తేలతాయి. జేపెగ్ 2000 ఫైలు చిన్నదవడం వెనుక ఉన్నదీ ఈ గుణమే. అక్కడ మొత్తం కొలిచాక అనవసరమైనవి పారేస్తారు. పారేయబోయేదాన్ని ముందే ఎందుకు కొలవాలి అన్న ప్రశ్న నుంచి కంప్రెస్డ్ సెన్సింగ్ పుట్టింది.

2006లో ఎమాన్యుయెల్ కాండెస్, జస్టిన్ రాంబర్గ్, టెరెన్స్ టావో ఒకవైపు, డేవిడ్ డొనోహో మరోవైపు దీనికి గణిత పునాది వేశారు. 2007లో మైకెల్ లస్టిగ్, డొనోహో, జాన్ పాలీ దాన్ని ఎంఆర్ఐ మీద చేసి చూపించారు. అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతితో వైద్య మిషన్లలోకి వచ్చింది 2017లో. ఈ పదేళ్ల ఎడం ఊరికే పోలేదు. మొదట్లో ఒక్క పరీక్ష లెక్క తేలడానికే చాలాసేపు పట్టేది. గ్రాఫిక్స్ ప్రాసెసర్లు వచ్చాకే అది రోగి టేబుల్ దిగేలోపు ముగిసే పని అయింది.

లెక్క జరిగే తీరు ఇది. తీయని గీతల స్థానంలో సున్నాలు పెట్టి మొదటి బొమ్మ తయారు చేస్తారు. అందులో అసలు బొమ్మ, ఇసుక కలిసే ఉంటాయి. దాన్ని వేవ్‌లెట్‌లోకి మార్చి, ఒక హద్దుకు తక్కువ ఉన్న అంకెలను సున్నా చేసి, మిగిలినవాటి నుంచి ఆ హద్దును తీసేస్తారు. బలమైన నిర్మాణాలు మాత్రమే మిగులుతాయి. ఆ బొమ్మను తిరిగి కె-స్పేస్‌కు తీసుకెళ్లి, నిజంగా కొలిచిన గీతలను వాటి చోట యథాతథంగా పెడతారు. మళ్లీ బొమ్మ, మళ్లీ హద్దు. ఇలా పదుల సార్లు. బలమైన నిర్మాణం దొరకగానే అది చల్లిన ఇసుక ఎంతో లెక్కకు వస్తుంది. ఆ ఇసుక తగ్గితే అప్పటిదాకా కింద కప్పబడి ఉన్న బలహీన నిర్మాణం పైకి తేలుతుంది. కొలతకు కట్టుబడాలన్న షరతు, స్పార్స్‌గా ఉండాలన్న షరతు రెండూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి. రెండింటి మధ్య తక్కెడను నిర్ణయించే ఒక అంకె ఉంటుంది. మిషన్ తెర మీద అది డీనాయిజింగ్ స్థాయిగానో, అలాంటి మరో పేరుతోనో కనిపిస్తుంది. ఈ పద్ధతి మంచి చెడు సగం ఆ అంకె మీదే ఆధారపడి ఉంది.

వైద్య మిషన్లలో ఇది ఒంటరిగా పనిచేయదు. కాయిల్‌లోని (రోగి చుట్టూ అమర్చే, సిగ్నల్ వినే యాంటెన్నాలోని) పలు ఛానెళ్లు ఒకే భాగాన్ని వేర్వేరు కోణాల నుంచి వింటాయన్న ఆధారంతో నడిచే ప్యారలల్ ఇమేజింగ్, అంటే 1999 నాటి సెన్స్, 2002 నాటి గ్రాపా, వీటితో కలిపే వాడతారు. ఎనిమిది ఛానెళ్ల పాత కాయిల్ పెట్టి కొత్త సాఫ్ట్‌వేర్ నుంచి 32 ఛానెళ్ల ఫలితం ఆశించడం వృథా.

అరగంటలో ఎంత మిగులుతుంది

పై యాంజియోకు నాలుగు రెట్లు పెడితే 11 నిమిషాల 16 సెకన్లు 2 నిమిషాల 49 సెకన్లవుతుంది. ఆరు రెట్లయితే 1 నిమిషం 53 సెకన్లు. ఈ రెట్లు దేనితో పోల్చి చెబుతున్నారో మాత్రం అడగాలి. చతురస్రాకార కె-స్పేస్ నాలుగు మూలలనూ వదిలేసి వృత్తం మేరకే తీస్తే, కంప్రెస్డ్ సెన్సింగ్ లేకుండానే 21 శాతం సమయం తగ్గి 8 నిమిషాల 51 సెకన్లకు వస్తుంది. ఆ తగ్గుదలను కూడా కొందరు రెట్లలో కలిపి చెబుతారు.

పరీక్ష మొత్తానికి లెక్క వేస్తే దృశ్యం మారుతుంది. మెదడు పరీక్ష ఒకటి ఇలా ఉందనుకుందాం: బట్టలు మార్చడం, లోహాల తనిఖీ, కాయిల్ అమర్చడం కలిపి 8 నిమిషాలు, డిఫ్యూజన్ (నీటి కణాల కదలికను చూపే సీక్వెన్స్) ఒకటిన్నర, 2డి సీక్వెన్స్‌లు మూడు కలిపి 9, 3డి ఫ్లెయిర్ (మెదడు చుట్టూ ఉన్న నీటిని నల్లగా చేసి మచ్చలను చూపే సీక్వెన్స్) 6, యాంజియో 11 నిమిషాల పైచిలుకు. మొత్తం సుమారు 36 నిమిషాలు. కంప్రెస్డ్ సెన్సింగ్ పెట్టాక యాంజియో 2.8కి, ఫ్లెయిర్ 3కి, 2డివన్నీ కలిపి 7కి దిగాయి. డిఫ్యూజన్, తయారీ సమయం కదలలేదు. మొత్తం 22 నిమిషాలు. నాలుగు రెట్ల సాఫ్ట్‌వేర్‌తో వచ్చింది 1.6 రెట్లు. ఇది తక్కువేమీ కాదు. గంటకు ఇద్దరు కూడా పూర్తికాని చోట ఇద్దరున్నర పైచిలుకు అవుతారు. అయితే 8 నిమిషాల తయారీని 5కు తెచ్చినా మూడు నిమిషాలు దక్కుతాయి, దానికి లైసెన్సు అక్కర్లేదు. ముందు రోగి టేబుల్ మీద ఉండగానే తర్వాతి రోగి బట్టలు మార్చుకుని, చెవిపోగులు, మొలతాడు, జడపిన్నులు తీసి సిద్ధంగా ఉంటే చాలు.

డిఫ్యూజన్ ఎందుకు కదలదంటే, అది ఒక్క దెబ్బలో గీతలన్నీ తీసేసే ఎకో ప్లానార్ సీక్వెన్స్. వదలడానికి గీతలు లేవు. సమయం పట్టేది బలహీనమైన సిగ్నల్‌ను మళ్లీ మళ్లీ తీసి సగటు చేయడానికి. దానికి మందు వేరే ఉంది, ఒకేసారి రెండు మూడు స్లైస్‌లు తీయడం.

అసలు లాభం ఊపిరి బిగబట్టే పరీక్షల్లో. కాలేయానికి 3డి సీక్వెన్స్, టీఆర్ 4 మిల్లీసెకన్లు, 200 గీతలు, 60 పార్టిషన్లు అయితే 48 సెకన్లు. అంతసేపు ఊపిరి పట్టడం రోగుల్లో చాలామందికి కుదరదు. నాలుగు రెట్లు తగ్గిస్తే 12 సెకన్లు, ఆయాసం ఉన్నవారిలో కూడా చాలామంది పట్టగలరు. అదీ కుదరని పిల్లలకు, స్పృహ సరిగా లేనివారికి ఊపిరి పీలుస్తుండగానే తీసే రేడియల్ పద్ధతి ఉంది. ఇందులో గీతలను సైకిల్ చక్రం చువ్వల్లా కేంద్రం గుండా తీస్తారు. ఒక్కో చువ్వను ముందుదానికి 111.25 డిగ్రీల కోణంలో తీస్తారు. ఈ బంగారు కోణం వల్ల కొత్త చువ్వ ఎప్పుడూ పాతవాటి మధ్య ఉన్న ఖాళీలోనే పడుతుంది. తర్వాత ఎన్ని చువ్వలను ఒక గుత్తిగా తీసుకున్నా పట్టిక సమంగా నిండి ఉంటుంది. గాడోలినియం (బొమ్మలో తేడా పెంచడానికి నరంలోకి ఎక్కించే మందు) కాలేయంలోకి వచ్చి పోయే దశలను స్కాన్ ముగిశాక కూడా కావలసిన వేగంతో విడగొట్టుకోవచ్చు. మత్తు ఇచ్చి తీయాల్సిన పసిపిల్లలకు ఈ నిమిషాల విలువ ఇంకా ఎక్కువ.

మాయమయ్యే హెచ్చరికలు

ఈ పద్ధతిలో గట్టిగా పట్టించుకోవాల్సిన చిక్కు ఒకటుంది. మామూలు స్కాన్ చెడితే చెడినట్టు కనిపిస్తుంది. సమయం తగ్గిస్తే బొమ్మ గరుకుగా మారుతుంది. రోగి కదిలితే ఫేజ్ దిశలో దెయ్యపు నీడలు వరసగా పడతాయి. రేడియాలజిస్ట్ కన్ను ఏళ్ల తరబడి ఆ గుర్తులకు అలవాటుపడింది. గరుకుతనం చూడగానే "ఇందులో చిన్నవి నమ్మకూడదు" అని తనే అనుకుంటుంది. కంప్రెస్డ్ సెన్సింగ్ ఆ గుర్తులను తుడిచేస్తుంది.

సిగ్నల్‌కు నాయిస్‌కు ఉన్న నిష్పత్తి కొలిచే సమయపు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. ఆరు రెట్లు తగ్గిస్తే ఆ నిష్పత్తి 2.45 రెట్లు పడిపోతుంది. ఏ లెక్కా దీన్ని తప్పించలేదు. హద్దు కింద ఉన్న అంకెలను సున్నా చేసే క్రమంలో నాయిస్ కూడా పోతుంది గనుక బొమ్మ నున్నగా వస్తుంది. దాంతోపాటు నాయిస్ అంత బలహీనంగా ఉన్న అసలు నిర్మాణాలూ పోతాయి. న్యూరోసిస్టిసర్కోసిస్‌లో (బద్దెపురుగు పిల్ల మెదడులో చేరే జబ్బులో) నీటితిత్తి లోపల ఒకటి రెండు మిల్లీమీటర్ల స్కోలెక్స్ (పురుగు తల) చుక్క కనబడితే రోగ నిర్ధారణ తేలిపోతుంది. చిన్నది, కాంట్రాస్ట్ తక్కువది, ముందు పోయేవాటిలో అదొకటి. మోకాలి కార్టిలేజ్ (మృదులాస్థి) మీది సన్నటి చీలిక, కాలేయంలో అర సెంటీమీటరు లోపు మచ్చ కూడా ఆ కోవలోవే. రక్తనాళం లాంటి బలమైన తెలుపు మాత్రం ఎనిమిది రెట్లలోనూ నిలబడవచ్చు. అందుకే యాంజియోలో బాగా వచ్చిందని అదే అంకెను ఫ్లెయిర్‌కు పెట్టకూడదు.

హద్దు మరీ పెంచితే బొమ్మ మైనం పూసినట్టవుతుంది. వేవ్‌లెట్ వాడినచోట అంచుల పక్కన చిన్న చిన్న గళ్లు కనిపిస్తాయి. పక్కపక్క చుక్కల మధ్య తేడాలను తగ్గించే టోటల్ వేరియేషన్ పద్ధతి వాడినచోట మెల్లగా మారాల్సిన నీడ మెట్లు మెట్లుగా విరుగుతుంది. హద్దు మరీ తగ్గిస్తే ఇసుక మిగిలిపోతుంది.

కదలిక ఇంకో రకంగా మోసం చేస్తుంది. మామూలు స్కాన్‌లో వరసగా పడే దెయ్యపు నీడలు, గీతలు చెదరగొట్టి తీసినప్పుడు అవి కూడా చెదిరిపోయి మసకగా మారతాయి. మసకను చూసి అది కదలికని పోల్చుకోవడం కష్టం. స్కాన్ చిన్నదవడం వల్ల కదిలే అవకాశం తగ్గుతుంది, నిజమే. కేంద్రపు గీతలు తీసే కొద్ది సెకన్లలో దగ్గు వచ్చిందంటే మాత్రం మొత్తం పోయినట్టే.

బొమ్మ చట్రంలో భుజమో పొట్ట అంచో పట్టకపోతే, కాయిల్ పటం (ఏ ఛానెల్ ఎక్కడ ఎంత బలంగా వింటుందో చెప్పేది) మీద ఆధారపడే లెక్కల్లో మధ్యలో ఒక చార మిగిలిపోతుంది. సమయం కోసం చట్రాన్ని బిగించకుండా, ఫేజ్ దిశలో అదనపు వెడల్పు ఇవ్వాలి. కాయిల్ పటం వేరే స్కాన్‌గా తీసే మిషన్లలో, ఆ తర్వాత రోగి జరిగినా, ఊపిరి వేరేచోట బిగబట్టినా ఇదే తంతు. పటానికీ, స్కాన్‌కూ ఊపిరి వదిలి బిగబట్టమని ఒకే మాట చెప్పడం మేలు.

ప్రోటోకాల్ కట్టుకునే తీరు

కంపెనీ ఇంజనీర్ పెట్టి వెళ్లిన అంకెలు మొదలుపెట్టడానికి మాత్రమే. ముందు 3డి సీక్వెన్స్‌లతో ప్రారంభించాలి: యాంజియో, ఎంఆర్‌సీపీ, 3డి మోకాలు, 3డి ఫ్లెయిర్, ఈ వరసలో. ఒకే మనిషికి ఒకే సిట్టింగ్‌లో పాత పద్ధతిలో ఒకసారి, తర్వాత 2, 4, 6, 8 రెట్లలో తీసి, ఏది ఏదో చెప్పకుండా రేడియాలజిస్ట్‌కు చూపించాలి. మొత్తం బొమ్మ అందం గురించి అడగకూడదు. ఒక చిన్న నిర్మాణం పేరు చెప్పి అది కనబడుతోందా అని అడగాలి: యాంజియోలో చిన్నమెదడుకు వెళ్లే పైకా నాళం, ఎంఆర్‌సీపీలో కాలేయం లోపలి మూడో వరస కొమ్మలు, మోకాలిలో కార్టిలేజ్ పై అంచు. అది పోయిన చోట ఒక మెట్టు వెనక్కి రావాలి. భారీ శరీరం ఉన్నవారికి ఇంకో మెట్టు. 3 టెస్లా (అయస్కాంత బలపు కొలత) మిషన్‌లో కుదిరిన అంకె 1.5 టెస్లాలో కుదరదు, అక్కడ సిగ్నల్ రమారమి సగమే.

మ్యాట్రిక్స్ (బొమ్మలోని చుక్కల సంఖ్య) తగ్గించి రెట్లు పెంచడం తరచూ జరిగే పొరపాటు. ఎక్కువ చుక్కలున్న వివరమైన బొమ్మల్లోనే స్పార్స్ గుణం ఎక్కువ. మ్యాట్రిక్స్ పెద్దగా ఉంచి రెట్లు పెంచితేనే లెక్క బాగా కుదురుతుంది.

ఇదంతా ఫాంటమ్ (మనిషికి బదులు మిషన్‌లో పెట్టే పరీక్ష వస్తువు) మీద తేల్చేయాలనిపిస్తుంది, రోగి అక్కర్లేదు గనుక. అది తప్పుదారి పట్టిస్తుంది. ఫాంటమ్ అంటే నున్నటి గుండ్రాలు, సూటి అంచులు, అచ్చం మంగళగిరి చీర. కాండెస్ బృందం తమ వ్యాసంలో షెప్-లోగన్ అనే గణిత ఫాంటమ్‌ను కేవలం 22 రేడియల్ గీతల నుంచి తేడా లేకుండా తిరిగి కట్టి చూపింది. మనిషి ఎముక లోపలి జాలీ, కాలేయపు గరుకు కలంకారీ రకం. ఫాంటమ్‌లో ఎనిమిది రెట్లకు నెగ్గిన ప్రోటోకాల్ మనిషి దగ్గర నాలుగు రెట్లకే ఓడిపోవచ్చు.

వేవ్‌లెట్ స్థానంలో ఇప్పుడు నేర్చుకున్న న్యూరల్ నెట్‌వర్క్‌లు వస్తున్నాయి. 2018లో న్యూయార్క్ యూనివర్సిటీ, ఫేస్‌బుక్ ఏఐ విభాగం కలిసి ప్రారంభించిన ఫాస్ట్‌ఎంఆర్ఐ ప్రాజెక్టు మోకాళ్ల ముడి డేటాను బయట పెట్టాక ఈ పని ఊపందుకుంది. కొలత, సవరణ, మళ్లీ కొలత అనే చక్రం అదే. సవరణ నియమం మాత్రం వేల బొమ్మలు చూసి నేర్చుకున్నది. బొమ్మ ఇంకా సహజంగా వస్తుంది. తప్పు కూడా అంతే సహజంగా, నిజమైన కణజాలంలా వస్తుంది గనుక పైన చెప్పిన తనిఖీ ఇక్కడ మరింత అవసరం.

కొనేముందు అడగాల్సినవి కొన్నే. లైసెన్సు ఏయే సీక్వెన్స్‌లకు వర్తిస్తుంది, 3డికి మాత్రమేనా, 2డికీ ఉందా? ఉన్న కాయిళ్లతోనే నడుస్తుందా? లెక్క చేసే కంప్యూటర్ మార్చాలా? రెండు నిమిషాల స్కాన్‌కు బొమ్మ రావడానికి మూడు నిమిషాలు పడితే, బాగా వచ్చిందో లేదో చూడకుండా రోగిని దింపలేరు, మిగిలిన సమయం అక్కడే పోతుంది. డెమో చూపించేటప్పుడు యాంజియో బదులు 2డి మోకాలు చూపించమని అడగడం మంచిది.

రిపోర్టుతో పాటు వెళ్లే వివరాల్లో ఎన్ని రెట్లు, ఏ డీనాయిజింగ్ స్థాయి అన్నది ఉంచాలి. ఆరు నెలల తర్వాత అదే రోగి కణితి పెరిగిందా తగ్గిందా చూపించుకోవడానికి వచ్చినప్పుడు అవే అంకెలతో తీస్తేనే పోలిక నిలుస్తుంది. బొమ్మ అనుమానంగా ఉంటే హద్దు తగ్గించి అదే డేటాతో మళ్లీ కట్టించవచ్చు, రోగిని తిరిగి పిలవక్కర్లేదు. కాకపోతే మిషన్ ముడి డేటాను ఎక్కువ కాలం ఉంచదు, కొత్త స్కాన్‌లు వచ్చేకొద్దీ పాతదాని మీద రాసేస్తుంది. కాబట్టి ఆ నిర్ణయం అదే రోజు, వీలైతే రోగి బట్టలు మార్చుకునేలోపే జరగాలి.